సత్తెవ్వ దేవుణ్ని తిట్టని రోజు

అమ్మను మాదాపూర్‌లో పెద్ద ఆసుపత్రిలో చేర్చిన కొత్తల్లో పాస్టరు గారు చూడటానికి వచ్చారు. కుర్రవాడు, మెత్తని మనిషి. మంచం పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, ఎవరికీ ఇబ్బంది కలగనంత సన్నని గొంతుతో ప్రార్థన మొదలుపెట్టారు. సగంలో అమ్మ కళ్లు తెరిచింది. "కాస్త గట్టిగా అనండి బాబూ, ఆ పైనున్న ముసలోడికి చెవుడు" అంది. పాస్టరు గారు ప్రార్థన అక్కడితో ముగించారు. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, "అమ్మగారికి మనసు కొంచెం చెదిరినట్టుంది అక్కా, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాను" అన్నారు. తలూపాను. నిజానికి ఆ పూట నాకు ప్రాణం లేచొచ్చింది. తొంభైకి దగ్గరపడిన మనిషి, గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిన మనిషి, దేవుణ్ని ముసలోడు అనగలుగుతోందంటే ఇంకా ఫరవాలేదు. ఆ సంగతి పాస్టరు గారికి ఎలా చెప్పను? చెప్పాలంటే సత్తెవ్వ దగ్గర మొదలుపెట్టాలి.

అమ్మ గది కిటికీలోంచి చూస్తే అద్దాల మేడలు తప్ప ఏమీ కనపడవు. వాటి మధ్య ఒకచోట నాలుగు బండరాళ్లను మాత్రం అలంకారానికి వదిలేసి, చుట్టూ పచ్చగడ్డి పెంచి, కంచె కట్టారు. నా చిన్నప్పుడు ఈ దిక్కంతా అలాంటి గుండ్లే. హఫీజ్‌పేట్‌లో మేం కిరాయికున్న ఇంటి యజమానురాలు సత్తెవ్వ తన బర్రెల్ని ఇక్కడిదాకా తోలుకొచ్చేది. సెలవుల్లో నేనూ వెంట పడేదాన్ని. మాది గుంటూరు వైపు. నాన్నకు నగరంలో ప్రభుత్వాఫీసులో గుమాస్తా ఉద్యోగం, అమ్మకు హఫీజ్‌పేట్ సర్కారు దవాఖానలో నర్సు పని. అమ్మ పని చూసుకుని ఇల్లు వెతికితే స్టేషన్‌కు దగ్గరగా సత్తెవ్వ ఇంట్లో రెండు గదులు దొరికాయి. నాన్న పొద్దున ప్యాసింజర్ బండిలో నాంపల్లి వెళ్లి, సాయంత్రం బండిలో వచ్చేవాడు.

ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ నా ముక్కులో ఉన్నాయి. మా వైపు గదుల్లో స్పిరిట్ వాసన, అమ్మ సూదులు మరిగించిన గిన్నె వాసన, మడత పెట్టిన తెల్ల చీరల గంజి వాసన. సత్తెవ్వ వైపు పేడ, జొన్నరొట్టె, కాగిన పాలు, పొగ. మధ్యలో ఒక్కటే వాకిలి. తెల్లారేసరికి ఆ వాకిట్లో రెండు గొంతులు లేచేవి. అమ్మ మా వైపు మోకరించి, "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలుపెట్టేది. అదే వేళకు సత్తెవ్వ బర్రె కింద కూర్చుని, పొదుగుకు నీళ్లు కొడుతూ, ఆకాశం వంక ఓరగా చూసి, "లేసినవా, గుడ్డోడా?" అనేది.

సత్తెవ్వ దేవుణ్ని దేవుడనడం నేను వినలేదు. వానలు మొహం చాటేస్తే ఆయన నిద్రమొగమోడు. కోతకొచ్చిన జొన్న మీద వడగండ్లు పడితే తాగుబోతు. మంచివాడి కాలు విరిగి, దొంగ పచ్చగా తిరుగుతుంటే గుడ్డోడు. అడిగింది అందకపోతే చెవిటోడు. ఊరందరి బతుకులూ తన చేతిలో పెట్టుకుని మంచం దిగని మనిషి కాబట్టి మీది పటేలు. మామూలు రోజుల్లో, ఏ ఫిర్యాదూ లేనప్పుడు, ఒట్టి ముసలోడు. ఏ మాట ఎక్కడ వాడాలో ఆమెకు బాగా తెలుసు. ఒకదాని చోట ఇంకొకటి వాడేది కాదు. నాన్నకు ఇదంతా సరదాగా ఉండేది. తన ప్రమోషన్ ఆగిపోయినప్పుడు, "మీ పటేలు మా ఫైలు మీద కూర్చున్నాడు సత్తెమ్మా" అనేవాడు. "కూసుంటడు సార్, ఆనికేం పని?" అనేది ఆమె.

అమ్మకు మాత్రం ఒళ్లు జలదరించేది. దేవుడి పేరు ఊరికే ఎత్తకూడదని పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్న మనిషి. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "అక్కా, మీరు తిట్టేది ఎవరినండీ? మీ మల్లన్ననా?" సత్తెవ్వ చెంపలు వేసుకుంది. "అయ్యో, మల్లన్నను నేనేడ తిట్టిన నర్సమ్మ? మల్లన్న మా ఇంటి దేవుడు. పోచమ్మను తిట్టిన్నా? బోనం ఎత్తిననాడు నా నోట్లకెల్లి ఒక్క మాట ఇన్నవా?" అంది. అమ్మ మొహం పాలిపోయింది. "అయితే మా దేవుణ్ణా?" అంది. సత్తెవ్వ పాల చెంబు కింద పెట్టింది. "మీ ఆయన్ను నేనెందుకంట? పాపం, ఆయన్నే మొలలు గొట్టి సంపిరి. నేను తిట్టేది గీళ్లందరికి మీదున్నోన్ని. ఆడు ఎవ్వని దేవుడో నాకెర్కలేదు." అమ్మ ఇంట్లోకొచ్చి, "ఆ పైనున్నది మన దేవుడేగా" అని నాన్న దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్న నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాడు.

నా భయం ఇంకోరకం. ఆదివారపు బడిలో ఒక టీచరమ్మ మాకో కథ చెప్పింది. ఒక భక్తుణ్ని పిల్లలు బోడివాడా అని ఏడిపిస్తే, అడవిలోంచి ఎలుగుబంట్లు వచ్చి ఆ పిల్లల్ని చీల్చేశాయట. భక్తుణ్ని అంటేనే అంత పనైతే దేవుణ్ని అంటే ఏమవుతుంది? ఈ మాదాపూర్ గుండ్ల సందుల్లో ఎలుగులు ఉండేవని పెద్దవాళ్లు అనుకోగా విన్నాను కూడా. ఇంకేం కావాలి నాకు. సత్తెవ్వ వెంట బర్రెల్ని తోలుకొస్తూ, ఆమె నోరు విప్పినప్పుడల్లా రాళ్ల నీడలకేసి చూసేదాన్ని. ఒకసారి ఆమె కొంగు పట్టుకుని, "అవ్వా, తిట్టకు, ఎలుగుబంటి వస్తది" అని ఏడ్చాను. సత్తెవ్వ నన్ను దగ్గరికి లాక్కుంది. "పిచ్చి బిడ్డ. ఇంట్లోన్ని తిడ్తం గని బయటోన్ని తిడ్తమా? బయటోనికి మర్యాద జేస్తం. మల్లేశంగాన్ని నేను రోజుకెన్నిసార్లు తిట్టను? ఆడు నన్ను ఇడ్సిపోయిండా?" అంది. మల్లేశం ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఇరవై దాటినవాడు, మిల్లులో పని. నాకు జేబునిండా రేగుపళ్లు తెచ్చేవాడు.

ఆ ఏడాదే, అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ అనే మాట మొదటిసారి నా చెవిన పడింది. బళ్లు మూశారు. బస్సుల అద్దాలు పగిలాయని, పోలీసులు కాల్చారని రోజూ స్టేషన్ నుంచి కబురొచ్చేది. మల్లేశం మిల్లు మానేసి ఊరేగింపులకు పోసాగాడు. స్టేషన్ గోడ మీద ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె అని బొగ్గుతో రాసింది అతనేనని అందరికీ తెలుసు. నాన్న ఒక సాయంత్రం అతన్ని వాకిట్లో నిలబెట్టి, "మరి ఈ గోడ మీద రాయలేదేం మల్లేశం?" అని అడిగాడు. "ఇది మా గోడ సార్" అన్నాడతను తల దించుకుని. మళ్లీ తనే, "మీ మీద నాకేం లేదు సార్. మా నౌకరీలు మాకు గావాలె గదా?" అన్నాడు. నాన్న గదిలోకొచ్చి చొక్కా విప్పుతూ అమ్మతో, "వాడు అడిగేదాంట్లో తప్పేముంది? నేను కూర్చున్న కుర్చీ గురించే అడుగుతున్నాడు" అన్నాడు. "అయితే రేపు ఆఫీసుకు వెళ్లకండి" అంది అమ్మ. నాన్న వెళ్లాడు. ఆ తర్వాతి రోజూ వెళ్లాడు. మల్లేశం మాత్రం నాకు రేగుపళ్లు తేవడం మానేశాడు.

అయితే నన్ను బాగా భయపెట్టింది గోడ మీద రాతలు కాదు. మర్యాద. కిరాణా కొట్టు ఆయన అంతకుముందు అమ్మను చూడగానే, "ఏంది నర్సమ్మ, ఇయ్యాల ఎందరికి సూదులు గుచ్చినవ్?" అనేవాడు. ఉద్యమం ముదిరాక, "ఏం గావాలె మీకు, తీసుకోండి" అని చిల్లర బల్ల మీద పెట్టి పక్కకు చూసేవాడు. దవాఖానకొచ్చే ఆడవాళ్లు అమ్మను ఆప్యాయంగా నువ్వనడం మానేసి మీరనడం మొదలుపెట్టారు. ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదు, అన్నారంటే అబద్ధం చెప్పినట్టే. కానీ ఆ మీరు విన్నప్పుడల్లా అమ్మ చెయ్యి నా చేతిని గట్టిగా బిగించేది. ఇంటికొచ్చాక సత్తెవ్వ, "వచ్చినవా నర్సమ్మ, ముసలోడు గిట్ల జేసె జూడు, బర్రె ఎండిపాయె" అంటే మా ఇద్దరికీ ఊపిరి తిరిగేది.

అలా ఉండగా ఒకరోజు పొద్దున నాన్న బండెక్కి నాంపల్లి వెళ్లాడు. అదే బండిలో ఇంకో పెట్టెలో మల్లేశం ఊరేగింపుకు వెళ్లాడు. మధ్యాహ్నానికి బళ్లు ఆగిపోయాయి. స్టేషన్‌లో జెండాలూపే ఆయన దవాఖానకొచ్చి, పట్నంలో కాల్పులయ్యాయని, ఎంతమందో తెలియదని చెప్పిపోయాడు. అమ్మ సూదుల గిన్నె దింపి, నన్ను పట్టుకుని ఇంటికొచ్చేసింది. తలుపు వేయాలా తీసి ఉంచాలా అర్థం కాక, వేసి, తీసి, మళ్లీ వేసి, చివరికి తలుపు మధ్యలోనే కూర్చుంది. ప్రార్థన చేయబోయింది. పెదవులు కదిలాయి కానీ మాటలు రాలేదు. నాన్నను ఎవరో గుర్తుపట్టి, నోరు విప్పగానే యాసను బట్టి పట్టుకుని, ఏదో చేసి ఉంటారని నాకు కళ్లకు కట్టినట్టు కనపడుతోంది. "నాన్న వస్తాడా?" అని అడిగాను. "నోర్మూసుకో" అంది అమ్మ. ఎప్పుడూ అలా అనేది కాదు.

ఎండ వాలిపోయాక రైలుపట్టాల మీద నడుచుకుంటూ నాన్న వచ్చాడు. చెప్పుల్లేవు. చొక్కా దుమ్ముకొట్టుకుపోయింది. ఎవరూ ఏమీ చేయలేదు, బండి లేక నడిచొచ్చానంతే అన్నాడు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల మీద పోయసాగింది. సగం నీళ్లు నేలపాలయ్యాయి. "మల్లేశం?" అని అడిగింది. నాన్న తల అడ్డంగా ఊపాడు. "పొద్దున బండి దిగడం చూశాను. తర్వాత తెలీదు. చాలామందిని లారీల్లో ఎక్కించుకుపోయారట."

అప్పుడు వినిపించింది సత్తెవ్వ గొంతు. బర్రెల తొట్టి పక్కన నేల మీద కూర్చుంది. పాలు పితకలేదు, పొయ్యి వెలిగించలేదు. రెండు చేతులూ జోడించి ఉంది. "స్వామీ, దయగల తండ్రీ, మీరే దిక్కు. నేనేం దప్పు జేసిన గని మీరు మనసుల పెట్టుకోకుండ్రి" అంటోంది. మీరు అంటోంది. ఊరి పటేలును కూడా నువ్వనే మనిషి, పొద్దునా సాయంత్రం గుడ్డోడా అని నిద్రలేపే మనిషి, ఇవాళ దేవుణ్ని మీరంటోంది. దేవుడు ఆమెకు బయటివాడైపోయాడు. నాన్న రానప్పుడు కూడా అంత భయపడలేదు.

అమ్మ నాన్న కాళ్లు సగంలో వదిలేసి, చెంబు అక్కడే పెట్టి, వాకిలి దాటి వెళ్లింది. నేను వెనకే పోయాను. "అక్కా, అలా అనకండి. ఎప్పటిలా అనండి" అంది. సత్తెవ్వ తలెత్తలేదు. "నోరొస్తలేదు నర్సమ్మ" అంది. మా పెదనాన్న పాస్టరు. అమ్మ ఇంట్లో దేవుడి మాట ఎత్తితే చీర కొంగు తల మీదికి లాక్కునే మనిషి. ఆ కొంగు లాక్కునే ఆకాశంకేసి చూసింది. "ఏమండీ" అంది. "ఏమండీ, చెవుడాండీ మీకు?"

సత్తెవ్వ అంత గోసలోనూ తలెత్తి చూసింది. "అండి వెట్టి తిడ్తరా, నర్సమ్మ?" అంది.

అంతే. అమ్మలోంచి అప్పటిదాకా నేనెరగని గొంతొకటి బయటికొచ్చింది. "ఒరేయ్ గుడ్డోడా" అంది. "కళ్లు లేవురా నీకు? ఒక్కడేరా ఈమెకి కొడుకు. మా ఆయన్ని నడిపించుకొచ్చి వాకిట్లో నిలబెట్టావు, ఆ పిల్లాణ్ని ఎక్కడ పెట్టావు? చెప్పవేం? చెవిటోడా, నీతోనే మాట్లాడేది." అని బర్రెల తొట్టి పట్టుకుని ఏడుస్తూ తిట్టింది. మమ్మల్ని వాపస్ పొమ్మని గోడ మీద రాసిన పిల్లాడి కోసం తిట్టింది. నాన్న ఒక కాలు కడుక్కుని, ఒక కాలు దుమ్ముతో గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. నేను మాదాపూర్ దిక్కు చూస్తున్నాను. ఎలుగుబంట్లు వస్తే ఆ దిక్కు నుంచే రావాలి. చూస్తూ ఉండగానే, నా పక్కన సత్తెవ్వ గొంతు మెల్లగా కలిసింది. "ఇంటున్నవా, ముసలోడా? నర్సమ్మ అడ్గుతున్నది, చెప్పు." ఎలుగులు రాలేదు. సత్తెవ్వ లేచి పొయ్యి వెలిగించింది.

మర్నాడు మధ్యాహ్నం మల్లేశం వచ్చాడు. తలకు కట్టు, చొక్కా నిండా ఎండిపోయిన రక్తం, ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆ కాలు మరి బాగుపడలేదు. అమ్మ ఆ కట్టు విప్పి, కడిగి, మళ్లీ కట్టింది. కడుగుతున్నంతసేపూ అతను మూలుగుతూ, "మెల్లగ, నర్సమ్మ" అన్నాడు. మీరనలేదు. సత్తెవ్వ పక్కనే కూర్చుని పైకి చూసి, "ఇప్పుడు దెర్సినవా కండ్లు?" అంది. ఆ మాటకు నేను పగలబడి నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలియదు, ఆపుకోలేకపోయాను.

అమ్మ మాత్రం చాలా ఆదివారాలు చర్చిలో ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. వెనక వరసలో కూర్చుని, బల్ల వేళకు లేచి బయటికొచ్చేది. అంతేసి మాటలన్నందుకు ఎప్పుడో నామీదో నాన్నమీదో దెబ్బ పడుతుందని కాచుకుని ఉండేది. నాకు జ్వరమొస్తే చాలు, కంటిమీద కునుకుండేది కాదు. చివరికి నాన్న అన్నాడు, "ఆయనకు కోపమొచ్చుంటే ఆ పిల్లాణ్ని ఎందుకు పంపుతాడు?" అని. తర్వాతి ఆదివారం అమ్మ బల్ల తీసుకుంది. కానీ ఆ మాటలు ఆమె నోట ఉండిపోయాయి. బయటివాళ్ల ముందు కాదు, ఇంట్లో. పాలు విరిగినా, నాన్న పోయినా, తన కళ్లకు శుక్లాలొచ్చినా.

సత్తెవ్వ పోయి ఏళ్లయింది. ఆ ఇల్లున్న చోటు ఇప్పుడు నాకే దొరకదు. మల్లేశం జాగా అమ్ముకుని ఊరవతలికి వెళ్లిపోయాడని విన్నాను. ఉద్యమం మళ్లీ లేచి, ఈసారి రాష్ట్రమే వచ్చింది. ఆనాడు మా అమ్మానాన్నలు భయపడ్డ వీధుల్లో ఇప్పుడు ఎవరు ఏ యాసవాళ్లో, ఏ ఊరివాళ్లో ఎవరికీ పట్టదు. అది మంచిదే. పోతే, ఇక్కడ అందరూ ఒకరితో ఒకరు చాలా మర్యాదగా ఉంటారు. ఈ ఆసుపత్రిలో అయితే చెప్పనే అక్కర్లేదు. లిఫ్టు దగ్గర మనిషి మేడమ్, బిల్లు దగ్గర మనిషి మేడమ్. అమ్మను చూసే డాక్టరమ్మ మాత్రం మొదట్లో, "ఏం మామ్మా, నా మీద అలిగావా?" అని బుగ్గ పుణికేది. పోయిన సోమవారం పొద్దున బుగ్గ పుణకలేదు. "మేడమ్, మీతో ఒకసారి మాట్లాడాలండీ" అంది నాతో. కిరాణా కొట్టు ముందు నిలబడ్డ పిల్లనయ్యాను మళ్లీ. ఆమె చెప్పిందంతా విన్నాను, సగమే బుర్రకెక్కింది. మందులు పనిచేయడం లేదని మాత్రం అర్థమైంది.

గదిలోకి వస్తే పాస్టరు గారున్నారు. అమ్మ రెండు చేతులూ జోడించి ఉంది. గొట్టాలు గుచ్చిన చేతులు. "దయగల తండ్రీ, మీ చిత్తం ప్రకారమే కానివ్వండి" అంటోంది, ఎంతో నెమ్మదిగా, ఎంతో గౌరవంగా. పాస్టరు గారి మొహం వెలిగిపోయింది. "అమ్మగారికి ఎంత సమాధానం, ఎంత మనశ్శాంతి వచ్చిందో చూడండి అక్కా" అన్నారు. సమాధానం కాదు బాబూ అది, భయం. మా అమ్మ దేవుణ్ని మీరంటోంది.

"అమ్మా, అలా అనకు. ఎప్పటిలా అను" అన్నాను. అమ్మ కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం, "నోరు రావట్లేదే" అన్నాయి. పైకి చూశాను. ఆకాశం లేదు, తెల్లని పలకల కప్పు, దీపాలు. కిటికీ దగ్గరికి వెళ్లాను. అరవై అయిదు దాటిన దాన్ని, ఇంతవరకూ ఆ మాట ఒక్కసారి అనని పిరికిదాన్ని. అద్దాల మేడల మధ్య కంచె వేసిన ఆ నాలుగు గుండ్ల వంక చూశాను, ఎలుగులేవైనా వస్తున్నాయేమోనని. "ఏమండీ, మీకు కళ్లు కనపడవాండీ?" అన్నాను.

వెనక మంచం మీద ఏదో కదిలింది. తిరిగి చూస్తే అమ్మ నోరు ఒక పక్కకు వంకర పోతోంది. నవ్వుతోందని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"అండీ పెట్టి తిడతారుటే, పిచ్చిమొహమా?" అంది.

పాస్టరు గారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి వరండాలో వాళ్లకి కూడా వినపడేలా.